పైరు ఆలస్యమా, పైరు నష్టమా?
కాలశ్రేణుల విశ్లేషణలో ఫోరియర్ పరివర్తన ధర్మాలు – చిలకలూరిపేట పత్తి, మిరప నేలల దృష్ట్యా పరిశీలన

చిలకలూరిపేట పరిసరాల నల్లరేగడి నేలల్లో ఖరీఫ్ ఒకే రోజున మొదలు కాదు. తొలకరికి పదును దొరికిన చోట జూన్, జూలై నెలల్లోనే పత్తి గింజ పెడతారు. మిరప నారుమడులు జూలై, ఆగస్టులలో పోసి, నారును ఆగస్టు, సెప్టెంబరులలో పొలంలో నాటుతారు. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు ఆలస్యంగా వచ్చిన ఏడాది నాట్లు ఇంకా వెనక్కి జరుగుతాయి. అటువంటి ఏడాదిలో అక్టోబరు నడిమిన ఉపగ్రహం తీసిన చిత్రాన్ని పరిశీలిస్తే రెండు రకాల చేలు ఒకే విధంగా పలచగా కనిపిస్తాయి. మొదటిది ఆలస్యంగా నాటినా ఆరోగ్యంగా ఎదుగుతున్న చేను. రెండవది సకాలంలో నాటినా తెగులుకో, పురుగుకో, బెట్టకో లోనై ఎదుగుదల కోల్పోయిన చేను. ఒక్క తేదీ చిత్రం ఈ రెంటినీ వేరు చేయలేదు.

ఈ తేడా కేవలం శాస్త్ర కుతూహలానికి సంబంధించినది కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు తెల్లదోమ వల్ల పంటను పోగొట్టుకొని, అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న ఉదంతాలు ఈ ప్రాంతపు జ్ఞాపకంలో ఇంకా ఉన్నాయి. 2021-22లో నల్ల తామర పురుగు (త్రిప్స్ పార్విస్పైనస్) మిరప పూతపై చేరి తోటలకు తోటలనే దెబ్బతీసింది. నష్టం అంచనాకు ఒకే తేదీన నమోదైన పచ్చదనాన్ని కొలబద్దగా తీసుకుంటే ఆలస్యపు చేను నష్టపోయిన చేనుగానూ, నష్టపోయిన చేను ఆలస్యపు చేనుగానూ లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఒక తేదీకి బదులు ఏడాది పొడవునా తీసిన కొలతల శ్రేణిని తీసుకొని, దానికి ఫోరియర్ పరివర్తనను వర్తింపజేస్తే ఈ చిక్కు చాలావరకు విడిపోతుంది. విడిపోవడానికి కారణమైనవి ఆ పరివర్తనకున్న కొన్ని ధర్మాలు. ఆ ధర్మాలు తెలియకుండా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితాన్ని యథాతథంగా స్వీకరిస్తే కొత్త పొరపాట్లూ అంతే సులభంగా పుడతాయి.

పరివర్తన అంటే ఏమిటి

కాలంతోపాటు మారే ఏ రాశినైనా, అంటే పచ్చదనం, నేల ఉష్ణోగ్రత, బుట్టలో పడిన రెక్కల పురుగుల సంఖ్య వంటి వాటిని, వేర్వేరు ఆవర్తన కాలాలు గల సరళ తరంగాల మొత్తంగా రాయవచ్చుననేది దీని మూలభావన. ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫోరియర్ 1807లో ఉష్ణ ప్రసరణపై సమర్పించిన పత్రంలో ఈ భావనను ప్రతిపాదించాడు. పరిశీలకులలో ఒకడైన లగ్రాంజ్ దానిని అంగీకరించలేదు. సంపూర్ణ గ్రంథం 1822లో గాని వెలువడలేదు.

ప్రతి తరంగానికి రెండు వివరాలు ఉంటాయి. తరంగం తన సగటు నుండి ఎంత ఎత్తుకు లేస్తుందో తెలిపేది కంపన పరిమితి. ఏ రోజున శిఖరానికి చేరుతుందో తెలిపేది దశ. ఈ రెంటినీ కలిపి ఒకే సంకీర్ణ సంఖ్యగా రాస్తారు. ఏడాదికి ఒకసారి లేచి పడే తరంగం మొదటి హార్మోనిక్, రెండుసార్లు లేచి పడేది రెండవ హార్మోనిక్, ఆపై వరుసగా మిగిలినవి. ఒక్కొక్క తరంగపు కంపన పరిమితి వర్గాన్ని బట్టి మొత్తం వ్యత్యాసంలో దాని వాటా ఎంతో చెప్పవచ్చు. ఇది పార్సెవాల్ సిద్ధాంతం. లెక్కకు పట్టే శ్రమ నేడు సమస్య కాదు. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన శీఘ్ర పద్ధతిలో 1024 దినాల శ్రేణికి పది లక్షల పైచిలుకు గుణకారాల స్థానంలో సుమారు పది వేలు సరిపోతాయి.

ఒక హెచ్చరిక ఇక్కడే అవసరం. హార్మోనిక్ అనేది వర్ణనకు సాధనమే గాని కారణం కాదు. వర్షపాత శ్రేణిలో రెండవ హార్మోనిక్ బలంగా ఉన్నంత మాత్రాన అది ఈశాన్య రుతుపవనాల వాటాయేనని తీర్మానించరాదు. ఒకే శిఖరం ఉన్న రేఖ సైతం ఒకవైపు నిటారుగా, మరొకవైపు వాలుగా ఉంటే రెండవ హార్మోనిక్ దానంతటదే పుడుతుంది.

కాలం జరిగితే దశ మారుతుంది

ఫోరియర్ పరివర్తన ధర్మాలలో సస్య శాస్త్రజ్ఞునికి అన్నింటికన్న ఉపయోగపడేది స్థానభ్రంశ ధర్మం. ఒక సంకేతం ఆకారం మారకుండా కొన్ని రోజులు వెనక్కి జరిగితే దాని తరంగాల కంపన పరిమితులు ఏ మాత్రం మారవు. దశలు మాత్రమే మారతాయి, అదీ ఒక కచ్చితమైన నిష్పత్తిలో మారతాయి. ఏడాదిని 360 డిగ్రీలుగా తీసుకుంటే 30 రోజుల ఆలస్యానికి మొదటి హార్మోనిక్ 29.6 డిగ్రీలు, రెండవది 59.2 డిగ్రీలు, మూడవది 88.8 డిగ్రీలు జరుగుతాయి.

పైన చెప్పిన రెండు చేలను ఇప్పుడు వేరు చేయవచ్చు. గత సంవత్సరాల సగటుతో పోల్చినపుడు దశలు 1:2:3 నిష్పత్తిలో జరిగి, కంపన పరిమితులు నిలకడగా ఉంటే ఆ చేను ఆలస్యపు చేను. దశలు ఉన్నచోటనే ఉండి కంపన పరిమితి తగ్గితే పైరు పలచబడినట్లు. దశలు ఈ నిష్పత్తిని పాటించకుండా చెదిరితే రేఖ ఆకారమే మారినట్లు, అంటే పైరు నడిమిన ఎక్కడో దెబ్బతిన్నట్లు అనుమానించి పొలానికి వెళ్ళి చూడాలి.

ఇది ఆదర్శ స్థితి. ఆలస్యంగా నాటిన మిరప పూర్తి ఆకారాన్ని నిలుపుకొని వెనక్కి జరగదు. చివర ఎండలు ముదిరి దాని పంటకాలం కొంత కుదించుకుపోతుంది. కాబట్టి నిజమైన ఆలస్యంలో కూడా కంపన పరిమితి కొద్దిగా తగ్గడం సహజం. ఎంత తగ్గితే నష్టమనాలో ఆ ప్రాంతంలో వేర్వేరు తేదీలలో నాటి, సక్రమంగా పెంచిన చేల ఆధారంగానే నిర్ణయించాలి. గణితం ఆ హద్దును చెప్పదు.

ఈ పద్ధతికి మంచి పూర్వరంగమే ఉంది. మెనెంటి, ఆయన సహచరులు 1993లో ఉపగ్రహ పచ్చదన సూచిక (ఎన్.డి.వి.ఐ.) శ్రేణులకు ఫోరియర్ విశ్లేషణను వర్తింపజేసి వ్యవసాయ వాతావరణ మండలాలను, పైరు ఎదుగుదలలోని కాలవిలంబాన్ని గుర్తించారు. వానాకాలంలో మేఘాలు కమ్మిన తేదీల కొలతలు ఎప్పుడూ అసలు విలువ కన్న తక్కువగానే వస్తాయి. 2000లో రోరింక్, మెనెంటి, వెర్‌హోఫ్ వివరించిన హాంట్స్ పద్ధతిలో, గీసిన తరంగరేఖకు బాగా దిగువన పడిన కొలతలను తొలగిస్తూ రేఖను మళ్ళీ మళ్ళీ సరిచేస్తారు. చిలకలూరిపేట వంటి చోట జూలై నుండి అక్టోబరు వరకు ఈ సవరణ లేనిదే ముందడుగు సాధ్యం కాదు. మోడిస్ పరికరపు పదహారు రోజుల సంకలిత చిత్రంలో ఒక్కొక్క గడి కొలత ఆ పదహారు రోజులలో ఏ రోజుదైనా కావచ్చుననే సంగతినీ గుర్తుంచుకోవాలి. తేదీని సరిచూడకపోతే కొలతల కాలస్థానమే తప్పుతుంది. ఆ తప్పు పైరు ఆలస్యంగా కనిపిస్తుంది.

శ్రేణిని ఎక్కడ తెంచాలన్నది చిన్న విషయంగా తోచినా ఫలితాన్ని శాసిస్తుంది. కంప్యూటర్ చేసే వివిక్త పరివర్తన, ఇచ్చిన శ్రేణి చివరి బిందువు తరువాత మళ్ళీ మొదటి బిందువే వస్తుందని భావిస్తుంది. జనవరి నుండి డిసెంబరు వరకు తీసుకుంటే మిరప చేను నిండు పచ్చగా ఉన్న సమయంలో కోత పడుతుంది. డిసెంబరు చివరకు, అదే ఏడాది జనవరి మొదటికి మధ్య ఏర్పడే గెంతు అన్ని హార్మోనిక్కులలోకి చిందుతుంది. జూన్ నుండి మే వరకు తీసుకుంటే రెండు చివరలూ దున్ని ఉంచిన ఖాళీ నేలపై కలుస్తాయి. రైతు సంవత్సరమే ఇక్కడ గణితానికీ అనువైన సంవత్సరం.

రెండు మంచి పైర్లు, ఒక పలచని గడి

రేఖీయత ధర్మం చెప్పేది సులభం: రెండు సంకేతాల మొత్తానికి పరివర్తన, ఆ రెండు పరివర్తనల మొత్తం. కాని ఇక్కడ కూడవలసినవి సంకీర్ణ సంఖ్యలు, కంపన పరిమితులు కావు. ఈ తేడాను మరచినందువల్ల కలిగే పొరపాటు చిన్న కమతాల ప్రాంతంలో పెద్దది.

మోడిస్ చిత్రంలో 250 మీటర్ల గడి 6.25 హెక్టార్లు, అంటే పదిహేను ఎకరాల పైమాట. అంత విస్తీర్ణంలో ఒకే పంట ఉండే చోట్లు చిలకలూరిపేట పరిసరాలలో తక్కువ. గడిలో సగం పత్తి, సగం మిరప ఉన్నాయనీ, రెండూ సమానమైన కంపన పరిమితితో బాగా ఎదిగాయనీ, వాటి శిఖరాల మధ్య రెండు నెలల ఎడం, అంటే 60 డిగ్రీల దశా భేదం ఉందనీ అనుకుంటే, మిశ్రమ గడి కంపన పరిమితి విడి పంటల కంపన పరిమితిలో 0.87 వంతు మాత్రమే. రెండు పంటలూ బాగున్నా గడి మాత్రం 13 శాతం పలచగా కనిపిస్తుంది. రెండవ హార్మోనిక్‌లో భేదం 120 డిగ్రీలవుతుంది కనుక అక్కడ సరిగ్గా సగమే మిగులుతుంది. (పచ్చదన సూచిక ఒక నిష్పత్తి కాబట్టి అది కచ్చితంగా రేఖీయంగా కలవదు. పరారుణ, ఎరుపు పరావర్తనాలు కలుస్తాయి. స్థూల అంచనాకు ఈ భేదాన్ని విడిచిపెట్టవచ్చు.) సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు 10 మీటర్ల గడితో, ఐదు రోజులకొకసారి చిత్రాలిస్తున్నాయి. మిశ్రమ పంటల ప్రాంతంలో పాత ముతక చిత్రాల ఆధారంగా గ్రామస్థాయి నష్ట నిర్ణయం చేయడం సమర్థనీయం కాదు.

నేలలో దిగే వేడి

ఫోరియర్ తన తరంగాలను కనుగొన్నది వేడి కోసమే గనుక ఆయన సొంత సమస్యను ఈ నేలకు వర్తింపజేయడం సముచితం. ఇక్కడ పనిచేసేది అవకలన ధర్మం. కాలాన్నిబట్టి అవకలనం చేయడం, పరివర్తన తరువాత పౌనఃపున్యంతో గుణించడంగా మారిపోతుంది. దానితో ఉష్ణ ప్రసరణ సమీకరణం సాధారణ సమీకరణమై, ఒక్కొక్క తరంగం నేలలో ఎంత లోతుకు దిగుతుందో సూటిగా చెబుతుంది. లోతు పెరిగేకొద్దీ తరంగం ఘాతీయంగా తగ్గుతుంది, అదే పాళ్ళలో ఆలస్యమవుతుంది. తరంగం 0.37 వంతుకు తగ్గే లోతును అవమంద లోతు అంటారు. ఇది ఆవర్తన కాలపు వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుంది.

బంకనేల ఉష్ణ వ్యాపనీయతను సెకనుకు 0.4 చదరపు మిల్లీమీటర్లుగా తీసుకుంటే రోజువారీ తరంగానికి అవమంద లోతు సుమారు 10.5 సెంటీమీటర్లు. వార్షిక తరంగానికి దానికి 19 రెట్లు, అంటే రెండు మీటర్లు. వేసవి మధ్యాహ్నపు వేడి జానెడు లోతుకు చేరేసరికి చాలావరకు నశిస్తుంది. వేసవి మాత్రం నిలువెత్తు లోతుకు దిగుతుంది.

దీని ఫలితం వ్యవసాయ వాతావరణ కేంద్రాల పట్టికలలో ఎవరైనా సరిచూడదగినది. మన దేశంలో నేల ఉష్ణోగ్రతను 5, 10, 20 సెంటీమీటర్ల లోతుల్లో స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 7 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు నమోదు చేస్తారు. ఈ రెంటి సగటును దినసరి సగటుగా వాడే అలవాటు ఉంది. నేల ఉపరితలం మధ్యాహ్నం ఒంటిగంటకు గరిష్ఠ ఉష్ణోగ్రత చేరుతుందనీ, అక్కడ కంపన పరిమితి 15 డిగ్రీలనీ అనుకొని పై సూత్రంతో లెక్కిస్తే, 5 సెంటీమీటర్ల లోతున గరిష్ఠం సుమారు 2 గంటల 50 నిమిషాలకు, 10 సెంటీమీటర్ల వద్ద సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు, 20 సెంటీమీటర్ల వద్ద రాత్రి 8 గంటల 15 నిమిషాలకు వస్తుంది. రెండు కొలతల సగటు అసలు సగటుకన్న 5 సెంటీమీటర్ల వద్ద 2.4 డిగ్రీలు ఎక్కువగా, 20 సెంటీమీటర్ల వద్ద 1.1 డిగ్రీలు తక్కువగా ఉంటుంది. 10 సెంటీమీటర్ల వద్ద మాత్రం దాదాపు సరిగ్గా కుదురుతుంది. అది అదృష్టమే గాని పద్ధతి గొప్పతనం కాదు. 5, 20 సెంటీమీటర్ల సగటులను తీసివేసి నేలలో వేడి దిగే వేగాన్ని అంచనా వేసేవారు అసలు లేని మూడున్నర డిగ్రీల వ్యత్యాసాన్ని అందులో చేరుస్తున్నారు. పత్తి మొలక శాతం మీదా, మిరప నాట్లకు ప్లాస్టిక్ ఆచ్ఛాదన ప్రభావం మీదా జరిగే ప్రయోగాలలో ఈ పరిమాణపు దోషం చికిత్సల మధ్య తేడానే మింగివేయగలదు.

మూలకారణం తేలికైనదే. దినసరి తరంగానికి సగటు, కంపన పరిమితి, దశ అని మూడు తెలియని రాశులున్నాయి. రెండు కొలతలతో మూడింటిని కనుగొనలేము. రోజుకు మూడవ కొలత ఒక్కటి, ఎనిమిది గంటల సమాన ఎడంతో, చేర్చగలిగితే మూడూ తెలుస్తాయి.

చలన సగటు చేసే మోసం

పురుగుల లెక్కలకు వస్తే మరొక ధర్మం ముందుకు వస్తుంది. ఒక శ్రేణిని నునుపు చేయడానికి పొరుగు విలువలతో భారిత సగటు తీయడాన్ని గణితంలో కన్వల్యూషన్ అంటారు. కాలంలో కన్వల్యూషన్ చేయడం, పౌనఃపున్యంలో కేవలం గుణకారం. అంటే ప్రతి నునుపు పద్ధతికీ ఒక గుణకాల పట్టిక ఉంటుంది. ఏ తరంగాన్ని ఎంతవరకు నిలుపుతుందో ఆ పట్టిక చూస్తే తెలుస్తుంది.

జిగురు అట్టలపై తెల్లదోమను వారానికొకసారి లెక్కించి, మూడు వారాల చలన సగటు తీసే పద్ధతి చాలాచోట్ల కనిపిస్తుంది. దీని గుణకం 21 రోజుల ఆవర్తన కాలం వద్ద సరిగ్గా సున్న. వెచ్చని వాతావరణంలో తెల్లదోమ ఒక తరం పూర్తి కావడానికి పట్టేది సుమారు మూడు వారాలే. అంటే తరం వెంట తరం లేచే ఉద్ధృతిని చూడవలసిన పద్ధతి సరిగ్గా దానినే తుడిచివేస్తోంది. 14 రోజుల తరంగం వద్ద గుణకం ఋణ మూడోవంతు. ఆ తరంగం మూడోవంతు ఎత్తుతో తలక్రిందులై వస్తుంది, పెరిగిన వారం తగ్గినట్లు కనిపిస్తుంది. సగటును గడచిన మూడు వారాలకే తీస్తే దానిపైన వారం రోజుల ఆలస్యం కూడా చేరుతుంది. ఆర్థిక నష్ట పరిమితి దాటిన సంగతి పురుగు దాటిన వారం తరువాత గాని తెలియదు.

మూడు విలువలకు సమాన భారం ఇవ్వకుండా నడిమి వారానికి సగం, ఇరుపక్కల వారాలకు పావు చొప్పున ఇస్తే ఈ తలక్రిందుల దోషం పోతుంది. 21 రోజుల తరంగం పావు వంతుకు తగ్గినా మిగిలి ఉంటుంది, 14 రోజులది సున్న అవుతుంది. అసలు లెక్కలను నునుపు చేయకుండా పక్కనే గీసి ఉంచడం ఇంతకన్న మేలు.

ఎంత తరచుగా, ఎంత కాలం

లెక్కల మధ్య వ్యవధి ఎంత ఉంటే, దానికి రెట్టింపు కన్న తక్కువ ఆవర్తన కాలం గల తరంగం కనబడదు. కనబడకుండా ఊరుకోదు, మరొక తరంగం వేషంలో కనబడుతుంది. సిబ్బంది కొరత వల్ల 15 రోజులకొకసారి లెక్కించినచోట 21 రోజుల తరం 52.5 రోజుల నిదానపు తరంగంగా నమోదవుతుంది. పట్టిక చూసినవారికి పంటకాలంలో నాలుగైదు సార్లు మాత్రమే పెరిగిన పురుగుగా తోస్తుంది. పొలంలో పురుగు అంతకు రెండున్నర రెట్లు తరచుగా పెరిగింది. తరువాత ఎంత నేర్పుగా విశ్లేషించినా ఈ తప్పును సరిదిద్దలేము. సరిదిద్దవలసిన సమాచారం సేకరణలోనే పోయింది.

వ్యవధికి ఇది నియమమైతే, మొత్తం నిడివికి మరొకటి ఉంది. సంకేతాన్ని కాలంలో కుదిస్తే దాని పౌనఃపున్య పట్టిక విస్తరిస్తుంది. కనుక చిన్న శ్రేణిలో దగ్గర దగ్గరి తరంగాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దీపపు ఎరలలో శనగపచ్చ పురుగు రెక్కల పురుగుల లెక్క దీనికి మంచి ఉదాహరణ. పౌర్ణమి రోజులలో వెన్నెల వల్ల ఎరకు వచ్చే పురుగులు తగ్గుతాయి. చాంద్రమాసం 29.5 రోజులు. ఆ పురుగు తరం కూడా వెచ్చని కాలంలో నెల రోజుల చిల్లరే. తరం 32 రోజులని అనుకుంటే ఈ రెంటినీ విడదీయడానికి 378 రోజుల అవిచ్ఛిన్న శ్రేణి కావాలి. మిరప పంటకాలం నాట్ల నుండి చివరి కోత వరకు లెక్కించినా ఎనిమిది నెలలకు మించదు. ఒక్క పంటకాలపు దీపపు ఎర లెక్కతో కనుగొన్న నెలవారీ ఉద్ధృతి పురుగుదో, చంద్రునిదో చెప్పడం సాధ్యం కాదు. శ్రేణి చివర సున్నలు చేర్చి పొడిగిస్తే రేఖ అందంగా వస్తుందే గాని విడదీసే శక్తి పెరగదు.

లింగాకర్షక బుట్టలను దీపపు ఎరల పక్కనే ఉంచి, రెంటినీ ఒకే వారం, ఒకే రోజున లెక్కించడం ఇక్కడ ఉపయోగపడే మార్గం. ఆడ పురుగు వాసనతో పనిచేసే బుట్టపై వెన్నెల ప్రభావం వేరు కనుక రెండు శ్రేణులలోనూ ఒకే దశతో కనిపించే తరంగాన్ని పురుగుదిగా తీసుకోవడానికి ఆధారం ఉంటుంది. వేసవిలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు బుట్టలు పీకివేయక, సున్న పడిన వారాలను కూడా సున్నగా రాసి ఉంచాలి. ఆ వారాలు ఖాళీగా విడిచిన పుస్తకంలో రెండు పంటకాలాల లెక్కలు ఉన్నా అవి రెండు చిన్న శ్రేణులే అవుతాయి, ఒక పెద్ద శ్రేణి కాజాలవు.